బోర్డు మీద బొట్టుకు చోటు

నాకు పొగరని మా యూనిట్‌లో అందరూ అంటారు. కాదని నేనెప్పుడూ వాదించలేదు. పక్క టేబుల్‌లో ఎవరైనా సోల్డరింగ్ పాడు చేస్తే "ఇదేంది, పావురం రెట్ట ఏసినట్టుంది" అని మొహం మీదే అనేస్తాను. ఇంటికి వెళ్లాక బాధపడతాను గానీ, అనకుండా మాత్రం ఉండలేను. ఇప్పుడు చెప్పబోయేది ఆ పొగరుతోనే మొదలైంది, దాని వల్లే చెడిపోబోయింది కూడా.

మా యూనిట్ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డు. పన్నెండు మందిమి. వాటర్ మోటారును దానంతట అదే వేసి ఆపే కంట్రోలర్ డబ్బాలు తయారు చేస్తాం. ఇంటి కింద సంపులో నీళ్లున్నాయా, పైన ట్యాంకు నిండిందా అని ఆ డబ్బా కనిపెట్టుకుని ఉంటుంది. సంపు ఎండి ఉన్నప్పుడు మోటారు తిరిగితే కాలిపోతుంది. కాబట్టి ఏం చేసినా చేయకపోయినా, ఖాళీ సంపు మీద మోటారు వేయకుండా ఉండటమే దాని మొదటి పని.

పద్నాలుగేళ్లు నేను ఆ డబ్బాలోని బోర్డుకు సోల్డరింగ్ చేశాను. బోర్డు మధ్యలో ఇరవై ఎనిమిది కాళ్ల నల్లటి చిప్ ఒకటి ఉంటుంది, దాన్ని మైక్రోకంట్రోలర్ అంటారు. ఎప్పుడు ఏం చేయాలో దాని లోపలే రాసి ఉంటుంది. సార్ తన గదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రామ్ ఎక్కించి ట్రేలో పంపేవారు, మేం సాకెట్లలో గుచ్చేవాళ్లం. ఎన్ని వేల చిప్పులు నా చేతుల మీదుగా పోయాయో చెప్పలేను. ఒక్కదాని లోపల ఏముందో మాత్రం తెలియదు. జన్మంతా ఉత్తరాలు పంచి ఒక్కటీ విప్పి చూడని పోస్ట్‌మ్యాన్ లాగా ఉండేది నా పని.

సార్ అంటే మా యూనిట్ యజమాని, అరవై దాటిన మనిషి. ఆయనకు కోపం వస్తే అరవరు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడుస్తారు. అరిచినా బాగుండునని మాకు అప్పుడనిపిస్తుంది.

రెండేళ్ల కిందట మా డబ్బాల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. ఉప్పల్, పీర్జాదిగూడ కాలనీల్లో నల్లా రోజు మార్చి రోజు వస్తుంది, వచ్చినా ఒక్క పట్టున రాదు. పది నిమిషాలు వచ్చి ఆగుతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది. మా పాత ప్రోగ్రామ్‌కు అంత ఓపిక లేదు. మూడుసార్లు సంపు ఖాళీగా కనబడితే అలిగి ఆగిపోయేది. ఎవరో ఒకరు వెళ్లి బటన్ నొక్కితే గానీ కదిలేది కాదు. "ఆటోమేటిక్ అని అమ్మిన్రు, బటన్ ఒత్తనీకి మళ్లొక మనిషిని పెట్టుకోవాల్నా?" అని ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఏకంగా షెడ్డుకే వచ్చి అరిచి వెళ్లాడు.

ప్రోగ్రామ్ మార్చేద్దామంటే కుదరలేదు. అది రాసిన ఇంజనీరు ఎప్పుడో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అతను రాసిన అసలు ప్రోగ్రామ్ ఉన్న హార్డ్ డిస్కు పాడైపోయింది. చిప్పులోకి ఎక్కించే అంకెల ఫైలు ఒక్కటే మిగిలింది, అది మనుషులు చదివేది కాదు. పైగా అతను వాడింది లైసెన్సు సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌కు తాళంచెవిలా ఒక చిన్న ప్లగ్గు గుచ్చితేనే అది తెరుచుకుంటుంది. షెడ్డు మారినప్పుడు ఆ ప్లగ్గు ఎక్కడో పోయింది.

సార్ బయటి నుంచి ఒక ఇంజనీరును పిలిపించారు. అతను నా టేబుల్ మీది బోర్డు తీసుకుని, ఒక కాలు చూపించి ఇది ట్యాంకుది అన్నాడు. కాదు, అది సంపు కాలు అని నేను చెప్పబోయాను. "మేడమ్, మీరు సోల్డరింగ్ చూసుకోండి. ఇది సాఫ్ట్‌వేర్" అన్నాడు, నా వైపు తిరగకుండానే. నా చెవులు వేడెక్కిపోయాయి. అతను గేటు దాటేదాకా ఆగి, తిన్నగా సార్ గదిలోకి వెళ్లాను.

"ప్రోగ్రామ్ నేను రాస్త సార్."

సార్ కళ్లజోడు తీయలేదు, నవ్వారు. "నువ్వెట్ల రాస్తవమ్మా? ఇంటర్ సదివినవ్."

"ఆయన ఇంజనీరింగ్ సదివి కాలు తప్పు జెప్పిండు సార్. నేను తప్పు జెప్పలే."

 బయటి వాళ్లకిస్తే ప్రోగ్రామ్ వాళ్ల సొంతమంటున్నారని, చిన్న మార్పుకు కూడా మళ్లీ వాళ్ల దగ్గరికే పోవాలని ఆయనకూ మనసులో ఉంది. "సరే, సూడు. డ్యూటీల గాదు, నీ టైమ్‌ల జేస్కో" అన్నారు.

బయటికి రాగానే టేబుల్ దగ్గర అందరూ నవ్వారు, ఒక్క అక్క తప్ప. అక్క నా పక్క టేబుల్ మనిషి, మా అందరిలో పెద్దది. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది. అయినా నుదుట రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకునే డ్యూటీకి వస్తుంది. కొత్తగా చేరిన వాళ్లు దాని గురించి గుసగుసలాడుకుంటారు, ఆమె వినబడనట్టే ఉంటుంది. ఆ రోజు అక్క ఒక్కటే మాట అన్నది. "నేర్సుకో చెల్లె. వాళ్లేమన్న కడుపుల నుంచి నేర్సుకొని పుట్టిన్రా?"

మా ఇల్లు ఉప్పల్‌లో. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. సంగతి చెబితే ముందు ఆయన కూడా నవ్వాడు. "ఫోన్ల అలారం పెట్టరాదు నీకు. చిప్పుల ప్రోగ్రాం పెడ్తవా?" నిజమే, ఇప్పటికీ నాకు అలారం ఆయనే పెట్టిస్తాడు. కానీ వారం తిరక్కుండా సైనిక్‌పురిలో ఎవరో రిటైర్డ్ మిలిటరీ ఆయన పాత లాప్‌టాప్ అమ్ముతున్నాడని తెలుసుకుని, బేరమాడి తెచ్చింది కూడా ఆయనే.

ఆ లాప్‌టాప్‌లో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకున్నాను, వీడియో చూస్తూ, ఆపుతూ, మళ్లీ చూస్తూ. కంపైలర్ అని ఒకటుంటుంది, మనం రాసిన మాటల్ని చిప్ అర్థం చేసుకునే అంకెలుగా మారుస్తుంది. అదీ ఉచితమే. ఆ అంకెలను చిప్పులోకి ఎక్కించే సాఫ్ట్‌వేరూ ఉచితమే. ఎక్కడెక్కడి వాళ్లో రాసి, వాడుకోండి, విప్పి చూసుకోండి, నచ్చకపోతే మార్చుకోండి అని పెట్టేశారు. ప్లగ్గు లేదు, తాళం లేదు. "ఊకెనే ఎందుకిస్తరు? ఏదో మతలబు ఉంటది" అన్నాడు మా ఆయన. నేనూ అదే అనుకుని, బ్యాంకు నంబరు ఎప్పుడు అడుగుతుందా అని ఒక వారం ఎదురు చూశాను. అడగలేదు.

లాప్‌టాప్ నుంచి చిప్పుకు ప్రోగ్రామ్ పంపడానికి మధ్యలో ఒక చిన్న బోర్డు కావాలి. కొనుక్కోవచ్చు. కానీ దాని సర్క్యూట్ బొమ్మ కూడా అందరూ చూసేలా పెట్టి ఉంది. ఒక ఆదివారం కూర్చుని దాన్ని నేనే సోల్డరింగ్ చేసుకున్నాను. ఇంటర్నెట్‌లో ఆ పని రాక అవస్థపడుతున్న ఇంజనీర్ల ఫొటోలు చూశాను. అన్నీ పావురం రెట్టలే. నాది మొదటిసారికే పని చేసింది. ఆ రోజు మధ్యాహ్నం ఎంత గర్వంగా అన్నం తిన్నానో నాకే నవ్వొస్తుంది.

ఆ గర్వం తర్వాతి ఆదివారానికే దిగిపోయింది. ఎవరైనా మొదట నేర్చుకునేది ఒక చిన్న ఎల్ఈడీ బల్బును సెకను ఆర్పి, సెకను వెలిగించడం. పది లైన్లు కూడా ఉండదు. రాశాను, ఎక్కించాను. వెలగలేదు. నాలుగైదు సెకన్లు చూసి, పీకి, మళ్లీ ఎక్కించాను. బల్బు మార్చాను, చిప్ మార్చాను, వైర్లు మార్చాను. మూడు ఆదివారాలు అదే పని. మూడో ఆదివారం కుక్కర్ విజిల్ వస్తే బోర్డును అట్లాగే వదిలేసి వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే బల్బు వెలుగుతోంది. నేను కేక పెట్టేలోపు ఆరిపోయింది. ఈసారి పీకలేదు, కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టాను. ఎనిమిది సెకన్లు ఆరి ఉంటోంది, ఎనిమిది సెకన్లు వెలుగుతోంది. ఆ మూడు వారాలూ అది పని చేస్తూనే ఉంది, నాకే ఆగి చూసే ఓపిక లేకపోయింది.

ఒకటి ఎనిమిది ఎందుకైందని, ఇలాంటి చిప్పులతో పని చేసేవాళ్లు ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే ఒక ఫోరంలో నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. ఎవరో గంటలో జవాబిచ్చారు. జవాబంటే జవాబు కాదు, ఆ చిప్ గురించిన పుస్తకంలో ఒక పేజీ నంబరు. చెప్పేదేదో చెప్పొచ్చు కదా అని ఒళ్లు మండింది. తిట్టుకుంటూనే ఆ పేజీ తీశాను. ఈ చిప్ తన వేగాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించుకుని పుడుతుందని, కావాలంటే మనమే పెంచుకోవాలని అందులో ఉంది. నేను పూర్తి వేగం అనుకుని రాశాను. సరిచేస్తే ఒక్క సెకను ఆరి, ఒక్క సెకను వెలిగింది. పేజీ నంబరు ఒక్కటే ఇచ్చిన ఆ మనిషికి మనసులో దండం పెట్టుకున్నాను, ఎందుకంటే ఆ తర్వాత నాకు ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.

ఆ పుస్తకం కొన్ని వందల పేజీలు. కావలసిన అధ్యాయాలు ఉప్పల్‌లో జిరాక్స్ తీయించుకుని, హబ్సిగూడ మీదుగా నాచారం పోయే బస్సులో చదివేదాన్ని. తెలుగు మీడియం దాన్ని, ఒక్కో పేరా మూడుసార్లు చదివితే గానీ ఎక్కేది కాదు. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు ట్రాఫిక్ ఆగిపోతే అందరూ విసుక్కునేవాళ్లు, నాకు మాత్రం రెండు పేజీలు ఎక్కువ అయ్యేవి. పోను పోను ఒక విషయం తెలిసింది. ఇరవై ఎనిమిది కాళ్లలో ఏది ఎక్కడుందో, ఏ కాలు దేనికి పోతుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. పుస్తకం చెప్పేది ఆ కాళ్ల గురించే. పద్నాలుగేళ్లు చూసిన మనుషుల పేర్లు అప్పుడు తెలుసుకుంటున్నట్టు అనిపించింది.

ఎండాకాలం పోయి వానలు పడి తగ్గుతుండగా ప్రోగ్రామ్ పూర్తయింది. నాది అలిగి కూర్చోదు. నల్లా ఆగితే మోటారు ఆపి, కాసేపు ఆగి, మళ్లీ చూస్తుంది. ఎన్నిసార్లయినా చూస్తుంది. నాకు లేని ఓపిక దానికి పెట్టాను.

దసరా దగ్గర పడుతుండగా సార్‌కు చూపించాను. ఆయన తల ఊపి షరతు పెట్టారు. "పండుగ సెలవు అయినంక రెండు దినాలు బకెట్ల మీద పెడదం. ఒక్కసారి గూడ తప్పు జేయకుంటే నీ ప్రోగ్రామే పెడ్త. నిన్ను గూడ సోల్డరింగ్ టేబుల్ మీదికెల్లి తీసి, ప్రోగ్రామింగ్ల కూసోబెడ్త. తప్పు జేసిందనుకో, బయటోళ్లకు ఇచ్చేస్త. మళ్ల నన్ను అడగొద్దు."

నాకు ఇంకేం కావాలి? చిప్పుల కాళ్లు గుచ్చే మనిషిగా కాక, చిప్పులో ఏముందో తెలిసిన మనిషిగా ఆ షెడ్డులో కూర్చోవాలి. అంతకు మించి ఆ ఏడాది నేనేదీ కోరుకోలేదు.

సెలవుకు ముందు రోజు ఆయుధ పూజ. ఆ రోజు మా యూనిట్‌లో పని ఉండదు. షెడ్డు కడిగి, డ్రిల్లింగ్ మెషీన్‌కు, మీటర్లకు, కట్టర్లకు, చివరికి టీ కెటిల్‌కు కూడా బొట్లు పెడతాం. ఎవరి సోల్డరింగ్ ఐరన్ వాళ్లు తెచ్చి వరసగా బల్ల మీద పెట్టాలి. అక్క పసుపును నీళ్లతో ముద్దగా కలిపి పెడితే, దాని మీద కుంకుమ అద్దుతాం. తయారైన బోర్డులకు ఎప్పుడూ పెట్టం, అవి అమ్మకానికి పోయేవి. కానీ ఆ ఏడు నేను నా పరీక్ష బోర్డును కూడా తెచ్చి బల్ల మధ్యలో పెట్టాను. అక్క చేతిలోని పళ్లెం తీసుకుని, చిప్ వీపు మీద పసుపు తడితడిగా పెట్టి, మూడు పెద్ద బొట్లు నేనే పెట్టాను. ఐరన్‌లకు ఒక్కొక్కటే, నా చిప్పుకు మూడు. "దానికి పెండ్లి జేస్తున్నవా ఏంది?" అని ఎవరో అన్నారు. నవ్వుకోనీ అనుకున్నాను.

సెలవు అయి వచ్చిన పొద్దున సన్నగా వాన. సార్ ముందు, అందరి ముందు బోర్డును బల్ల మీద పెట్టాం. సంపుకు ఒక బకెట్, ట్యాంకుకు ఒక బకెట్, మోటారు బదులు ఒక బల్బు. బల్బు వెలిగితే మోటారు తిరిగినట్టు. సంపు బకెట్ ఖాళీగా, పొడిగా ఉంది, అందులో రెండు స్టీలు కడ్డీలు వేలాడుతున్నాయి. నీళ్లు తగిలితే ఆ కడ్డీల మధ్య సన్నటి కరెంటు పారుతుంది, చిప్ దాన్ని ఒక అంకెగా చదువుతుంది. నీళ్లు లేవు కాబట్టి బల్బు వెలగకూడదు. స్విచ్ వేశాను. నిమిషం గడిచింది. బల్బు వెలిగింది.

 సార్ కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు.

"ఇంకోసారి సూద్దాం సార్" అన్నాను. మళ్లీ వేస్తే మళ్లీ వెలిగింది. నిజంగా ఇల్లయి ఉంటే మోటారు కాలిపోయేది. సార్ నెమ్మదిగా అన్నారు, "ఎల్లుండి పొద్దుగాల బయటోళ్లను రమ్మంట. అంతలోపట తప్పు ఏందో దొరికితే సరే."

మధ్యాహ్నానికి వాన ఆగి ఎండ కాసింది. అదే బోర్డు, అదే ప్రోగ్రామ్, ఒక్క తప్పు చేయలేదు. నీళ్లు పోస్తే వెలిగింది, తీస్తే ఆరింది. నాకు పిచ్చెక్కినట్టయింది. పూర్తిగా పాడైతే బాగుచేయొచ్చు. పొద్దున తప్పు చేసి మధ్యాహ్నం బుద్ధిగా ఉండేదాన్ని ఏమని పట్టుకుంటాం?

ఆ సాయంత్రం ప్రోగ్రామ్‌లో ప్రతి లైనూ వేలు పెట్టి చదివాను. తప్పు కనబడలేదు. కళ్లనీళ్లు వచ్చాయి. మా ఆయన టీ తెచ్చి పక్కన పెట్టి, "పొద్దుగాల తప్పు, పగటీలి మంచిగనా? మా కాడ బండి పొద్దుగాల స్టార్ట్ గాకుంటే డ్రైవర్‌ను తిట్టం. తేమ ఏడ పట్టిందో సూస్తం" అన్నాడు.

"ఇది బస్సు కాదు" అని కసిరాను.

"సరే తల్లీ" అని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున బస్సులో కూడా ఆయన మీద కోపంగానే ఉన్నాను, ఎందుకంటే ఆయన చెప్పింది కొంచెం నిజమేనేమో అనిపిస్తోంది.

షెడ్డు తెరవగానే బోర్డును లాప్‌టాప్‌కు కలిపాను. చిప్ చదువుతున్న అంకెను తెరమీదికి పంపేలా రెండు లైన్లు రాశాను. ఖాళీ బకెట్‌కు అంకె చిన్నగా ఉండాలి. మూడొందలు దాటితే నీళ్లున్నాయని లెక్క. ఆ రోజూ వానే. అంకె రెండొందల తొంభై దగ్గర ఊగుతోంది, అప్పుడప్పుడు మూడొందలు దాటుతోంది. సరిగ్గా చూద్దామని బోర్డు మీదికి వంగాను. నా కళ్లజోడు మసకగా ఉంటే తీసి, తుడవడానికి హా అని ఊపిరి ఊదాను. కంటి కొసన తెర మీద అంకె ఎగిరి ఏడొందలైంది.

కళ్లజోడు పెట్టుకుని ఈసారి కావాలనే బోర్డు మీద ఊదాను. మళ్లీ ఎగిరింది. చుట్టూ వాన తేమ, ఊదితే ఊపిరి తేమ. అది ఎక్కడ పడుతోంది? ఇంకా కిందికి వంగి చూశాను. చిప్ వీపు మీద నా మూడు బొట్లు. తడి పసుపు అంచు దాటి కారి, కాళ్ల మధ్యకు దిగి ఎండిపోయి ఉంది. సంపు కాలికి, దానికి దగ్గరలోనే ఉన్న కరెంటు కాలికి మధ్య పచ్చగా, ఎర్రగా ఒక దారి. ఎండలో అది ఉత్త పొడి. గాలికి తేమ తగిలిందంటే దాని గుండా కరెంటు పాకుతోంది, చిప్ నీళ్లొచ్చాయనుకుంటోంది. అమ్మే బోర్డులకు తేమ తగలకుండా వార్నిష్ పూస్తాం, దీనికి పూయలేదు. నా ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. తప్పు నా చేతిలో ఉంది, మురిసిపోయి ఒకటి చాలని చోట మూడు పెట్టిన చేతిలో.

 స్పిరిట్ సీసా, పాత టూత్ బ్రష్ తీసుకున్నాను. బ్రష్ బోర్డు దగ్గరికి తీసుకెళ్లి ఆగిపోయాను. పూజ చేసి పెట్టిన బొట్టు. ఎండి రాలిపోతే పోయింది గానీ, చేత్తో తుడవడం ఎట్లా? ఆడదాన్ని, బొట్టు తుడవడం అనే మాటే మా ఇళ్లలో పలకనివ్వరు. చెబితే నవ్వుతారు గానీ, బయటివాళ్లు రావడానికి ఒక్క రోజే ఉందని తెలిసి కూడా ఆ బ్రష్ పట్టుకుని నిలబడిపోయాను.

అక్క అప్పుడే వచ్చి గొడుగు ముడుస్తోంది. "ఏమైంది చెల్లె?" అన్నది.

చెప్పాను. అంకె చూపించాను, ఊది చూపించాను. "గీ బొట్టు తుడవాలె అక్క. చెయ్యి వస్తలేదు."

అక్క బోర్డును చేతిలోకి తీసుకుని తేరిపార చూసింది. నా చేతిలోని బ్రష్ కూడా తీసుకుంది. "బొట్టు తుడిస్తే ఏం గాదు. నాది తుడిసిన్రు, పదిమందిల కూసోబెట్టి. ఏమైంది? నేను మళ్ల పెట్టుకున్న" అన్నది. స్పిరిట్‌లో బ్రష్ ముంచి, కాళ్ల సందుల్లో ఒక్కొక్కటీ శుభ్రంగా తోమింది. సోల్డరింగ్ తర్వాత జిగురు తోమినట్టే, ఏ హడావుడీ లేకుండా. "దీనికి గూడ మళ్ల పెడదం. కాళ్ల మీద గాకుంట, జర జాగ ఉన్న కాడ."

పద్నాలుగేళ్లు ఆమె పక్కన కూర్చున్నాను. ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. ఆమె భుజం పట్టుకున్నాను. "అంకె సూడు ముందు" అని కసిరింది. చూశాను. ఇరవై. ఊదాను. ఇరవై రెండు. బయట వాన పడుతూనే ఉంది.

సార్ వచ్చాక అందరి ముందూ చెప్పాను. "ప్రోగ్రామ్ తప్పు గాదు సార్. బొట్టు కారి కాళ్లకు అంటుకుంది. పెట్టింది నేనే." నవ్వుతారని తెలుసు, నవ్వారు కూడా. తల దించుకోలేదు. తప్పు చేసింది నేనే, పట్టుకున్నదీ నేనే. సార్ ఇంకా నమ్మకం లేనట్టు ఆయన కూడా వంగి బోర్డు మీద ఒకసారి ఊదారు. బల్బు వెలగలేదు. ఫోన్ తీసి బయటివాళ్లకు రావద్దని చెప్పారు.

రెండు రోజులు బకెట్లలో నీళ్లు పోస్తూ, తోడుతూ, మధ్యలో ఆపుతూ అందరూ వంతులు వేసుకుని నా ప్రోగ్రామ్‌ను సతాయించారు. ఒక్క తప్పు చేయలేదు. రెండో రోజు సాయంత్రం సార్ తన గదిలోని పాత కంప్యూటర్ తీయించి, ఆ బల్ల మీద నా లాప్‌టాప్ పెట్టించారు. ఇప్పుడు చిప్పులు ట్రేలో పెట్టి పంపేది నేను. సాకెట్లలో గుచ్చేది అక్క. మా ఆయనకు ఆ సాయంత్రమే చెప్పాను, తేమ సంగతి ఆయనే ముందు పట్టుకున్నాడని. "ఇది బస్సు కాదు గదా" అని వారం రోజులు దెప్పాడు, పడ్డాను.

చలికాలంలో బోర్డు బొమ్మ కూడా కొత్తగా గీశాను. దానికీ ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్నీ నేర్చుకున్నాను. పూర్తయ్యాక సార్ తెర మీద చూసి, ఒక మూలకు వేలు పెట్టారు. అక్కడ కాళ్లు లేవు, రాగి గీతలు లేవు. తెల్లటి ఇంకుతో అచ్చయ్యే చిన్న గుండ్రం మాత్రం ఉంది.

"ఇదేందమ్మా? మన గుర్తు ఏమన్న ఏస్తవా అందుల?"

"ఏం ఎయ్య సార్. బొట్టుకు జాగ."

ఆయన నా మొహంలోకి చూశారు, తర్వాత అద్దాల తలుపు అవతల కూర్చుని చిప్పులు గుచ్చుతున్న అక్క వైపు చూశారు.  బోర్డులు అట్లాగే అచ్చయి వచ్చాయి. మొదటిదానికి అక్క పసుపు కలిపి, ఆ గుండ్రంలో సరిగ్గా ఒక్క బొట్టు పెట్టింది. అది మా దగ్గరే ఉంది, మిగతావి గుండ్రం ఖాళీగానే అమ్మకానికి పోయాయి.

మొన్న పీర్జాదిగూడ నుంచి ఒక డబ్బా రిపేరుకు వచ్చింది. కొత్త అపార్ట్‌మెంట్‌ది. సెన్సార్ వైరును ఎలుక కొరికింది, మా తప్పేం లేదు. మూత విప్పి చూస్తే తెల్లటి గుండ్రంలో ఎండిన పసుపు, దాని మీద కుంకుమ. కాళ్ల దగ్గర మరకే లేదు. ఆ గుండ్రం దేనికో డబ్బాతో ఇచ్చే కాగితంలో మేం రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. బిగించిన ఎలక్ట్రీషియనో, ఆ ఇంటివాళ్లో, ఎవరో మొదటిసారి మోటారు వేసే ముందు, వైర్లు కలపడానికి మూత తీసినప్పుడు దాన్ని చూసి, అది దేనికో వాళ్లే తెలుసుకున్నారు.

బోర్డును తీసుకెళ్లి అక్క టేబుల్ మీద పెట్టాను. అక్క వంగి చూసింది.  వేలితో తన నుదుటి మీది బొట్టును ఒకసారి సరిచేసుకుంది.

"తుడవకు" అన్నది.

తుడవలేదు. ఎలుక కొరికిన వైరు మార్చి, మూత బిగించి, అట్లాగే పంపించాను.